ఎడారి చూశాకే మా చెలక కనబడింది

ఫ్లెక్సీ మిషన్లు రాకముందు మహబూబ్‌నగర్‌లో బోర్డులు రాసేవాళ్లకు చేతినిండా పని ఉండేది. కిరాణం కొట్టు పేరు, మెడికల్ షాపు ప్లస్ గుర్తు, ట్రాక్టరు ట్రాలీ వెనక "అమ్మానాన్నల దీవెన". ఎలక్షన్లొస్తే ఊళ్లో గోడలన్నీ మావే. పదో తరగతి తప్పాక నేను ఒక ఆర్ట్స్ దుకాణంలో చేరాను. చేయి వణకకుండా గీత లాగడం, ఫొటో మీద గడులు గీసి బొమ్మను గోడంత పెంచడం అక్కడే వచ్చింది. రంగుల గురించి మా ఓనరన్న చెప్పిన పాఠం ఒకటే: "రోడ్డు అవతలికెల్లి కనబడాలె, గంతే." తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. పొద్దున ఆర్డరిస్తే సాయంత్రానికి బోర్డు, అందులో ఓనరు ఫొటో కూడా. మాతో పనిచేసిన అన్నలు ఒకరు ఆటో కొన్నారు, ఇంకొకరు మగ్గం వర్క్ డిజైన్లు గీయడానికి పోయారు. నేను 2011లో అప్పు చేసి ఏజెంటుకు కట్టి అబుదాబి పోయాను, బిల్డింగులకు రంగులేసే పనికి.

ఆర్ట్ కాలేజీ గడప నేను తొక్కలేదు. ఈ మధ్య నా బొమ్మలు చూసినవాళ్లు "ఇది దుబాయ్ ఇసుకనా, పాలమూరు చెలకనా?" అని అడుగుతున్నారు. చెలక అంటే మా దిక్కు ఎర్ర ఇసుక నేల. బొమ్మల్లో రెండూ ఉన్నాయి. ఎట్లా కలిశాయో చెప్పాలంటే లివా నుంచి మొదలుపెట్టాలి.

లివా అబుదాబి సిటీకి చాలా దూరం, ఎడారి లోపల ఉంటుంది. వరసగా ఖర్జూరం తోటలు, తోట కంచె దాటితే ఇసుక గుట్టలు. అక్కడి నుంచి దక్షిణంగా రుబ్ అల్ ఖాలీ మొదలవుతుంది. సౌదీ, ఎమిరేట్స్, ఒమన్, యెమెన్ దేశాల్లో పరుచుకున్న ఎడారి అది, సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలు ఐదు పట్టినా ఇంకా చోటు మిగులుతుంది. ఇవన్నీ తర్వాత తెలుసుకున్నవి. మొదట్లో నాకు తెలిసిందల్లా అన్నంలో ఇసుక, చెవుల్లో ఇసుక, వేసిన రంగు ఆరకముందే గోడకు అంటుకునే ఇసుక. సూపర్‌వైజరు తిట్లు దానికి అదనం.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు. ఆ టైములో అందరూ షెడ్డులో వాలిపోయేవాళ్లు. నాకు పగలు నిద్ర రాదు. ఏసీల అట్టపెట్టెలు చించి, వడ్రంగుల లావు పెన్సిలుతో పడుకున్నవాళ్లను గీసేవాణ్ని. బెంగాలీలు, బీహారీలు, మన సిరిసిల్ల తమ్ముళ్లు. పాదాలు బాగా వచ్చేవి, మొహాలు వచ్చేవి కావు. బోర్డు పనిలో నేను వేసిన మొహాలన్నీ గడులు పెట్టి దించినవే మరి. గడులు లేని మనిషిని చూసి గీయడం వేరే పని. విసుగొచ్చి మనుషులను వదిలేసి షెడ్డు బయట ఉన్నదాన్ని గీద్దామనుకున్నాను. బయట ఏముంది? ఇసుకే.

ఇసుకను గీయడమంత కష్టం ఇంకోటి లేదు. మిట్టమధ్యాహ్నం గుట్టలకు ఆకారమే ఉండదు. నీడ పడదు కాబట్టి ఏది ముందుందో, ఏది వెనకుందో తెలియదు. ఆకాశం కూడా నీలంగా ఉండదు, పాలిపోయి ఉంటుంది. నేల కాగి, దాని మీది గాలి వేడెక్కి వెలుతురును వంచుతుంది, అందుకే దూరాన నీళ్లున్నట్టు మెరుస్తుంది. ఎండమావులు మా ఊరి తారు రోడ్డు మీదా చూశాను గానీ, అక్కడ ఏకంగా గుట్ట అడుగు తెగిపోయి పైభాగం గాలిలో తేలేది. నాకు వచ్చిన విద్య ఎరుపు పక్కన పసుపు, చుట్టూ నలుపు అంచు. అక్కడ దేనికీ అంచు లేదు.

నా దగ్గరున్న రంగులు కూడా సైటులో మిగిలినవే. తెల్ల ఎమల్షన్, అందులో కలిపే స్టెయినర్ ట్యూబుల అడుగున మిగిలిన రెడ్ ఆక్సైడ్, ఎల్లో ఆక్సైడ్, నలుపు. కొనడానికి డబ్బు లేదు, దగ్గర్లో షాపూ లేదు. ఆ నాలుగింటితోనే ఎడారంతా గీయొచ్చని మెల్లగా తెలిసింది. ఆక్సైడ్ అంటే ఇనుము తుప్పే కదా. ఇసుక రంగు కూడా తుప్పే. సముద్రం ఒడ్డున ఇసుక తెల్లగా ఉంటుంది, అందులో గవ్వల పొడి, సున్నం ఎక్కువ. లోపలికి పోయిన కొద్దీ రేణువుల మీద తుప్పు పొర పట్టి ఎర్రబడుతుంది. లివా ఇసుక అట్లా ఎర్రనిది. పొద్దున లేత గులాబీ, మధ్యాహ్నం దాదాపు తెలుపు, సాయంత్రం అయిదు దాటితే కుంకుమకు దగ్గర. మధ్యాహ్నం బొమ్మకు తెలుపులో పసుపు, ఎరుపు చుక్కలు మార్చి మార్చి వేసి మూడు తెలుపులు తయారు చేసుకునేవాణ్ని. పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియనంత దగ్గరి రంగులు. రోడ్డు అవతలి నుంచి చూస్తే ఏమీ కనబడని బొమ్మ వేయడం నా జన్మలో అదే మొదలు.

నీడ దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. నలుపు కలిపితే ఆ చోట గుంత పడ్డట్టు కనబడేది. పొద్దుగూకేటప్పుడు గుట్ట అవతలి వైపు చూస్తే అది నల్లగా ఉండదు, ఊదాగా ఉంటుంది. ఎండ తగలని చోట ఆకాశం వెలుగు పడుతుంది కాబట్టి దాని నీలం అందులో చేరుతుంది. ఒక విల్లాలో పిల్లల గదికి నీలం రంగేసిన రోజు ఆ స్టెయినర్ ట్యూబు నా చేతికొచ్చింది. రెడ్ ఆక్సైడ్‌లో ఒక్క బొట్టు పిండి నీడ పెట్టాను. అట్ట మీద గుట్ట లేచి నిలబడింది. నా పక్క మంచం మీది సిరిసిల్ల తమ్ముడు లేచి చూసి, "అన్నా, గిది ఎక్కకు, జారుతవ్" అన్నాడు. ఇప్పటిదాకా నాకు దక్కిన మెచ్చుకోళ్లలో అదే పెద్దది.

దసరా వచ్చింది. జమ్మి ఆకు లేని దసరా ఏం దసరా అని మేమంతా అనుకుంటుంటే, కేరళ ఎలక్ట్రీషియన్ ఒకాయన రోడ్డు పక్క చెట్టు చూపించాడు. అక్కడ దాన్ని ఘాఫ్ అంటారు, ఎమిరేట్స్‌కు జాతీయ వృక్షం. దగ్గరికి పోయి చూస్తే అచ్చంగా మన జమ్మే. తర్వాత తెలంగాణ వచ్చాక మనకూ అదే రాష్ట్ర వృక్షమైంది. విరిస్తే ఊరుకోరని భయపడి రాలిన రెమ్మలే ఏరుకుని, బంగారమని చేతుల్లో పెట్టుకుని అలాయ్ బలాయ్ చేసుకున్నాం. పాలపిట్ట కోసం అసలు వెతకాల్సిన పని లేదు, క్యాంపు కరెంటు తీగ మీదే కూర్చునేది. ఊళ్లో అయితే దసరా నాడు దాన్ని చూడటానికి చెరువు కట్ట దాకా పోవాలి. ఇంకో చుట్టమూ అక్కడ కలిసింది, సర్కారు తుమ్మ. ఇక్కడ మన బీళ్లను మింగినట్టే అక్కడా మింగుతోంది. దాన్ని చూసి మాత్రం ఎవరం సంతోషపడలేదు.

చలికాలంలో సెలవు రోజుల్లో చూసిందే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. మాకు సెలవు దొరికితే సిటీకి పోయి లైట్లు చూడాలని ఉండేది. అక్కడివాళ్లు సిటీ వదిలి ఇసుకలోకి వచ్చేవాళ్లు. పెద్ద బండ్లలో తివాచీలు, ఫ్లాస్కుల్లో గహ్వా అనే అరబ్బీ కాఫీ, కట్టెలు తెచ్చుకుని కుటుంబం మొత్తం గుట్ట మీద కూర్చునేది. పిల్లలు పైనుంచి కిందికి దొర్లేవాళ్లు. ముసలాయన ఒకడు ఏమీ చేయకుండా ఎదుటి గుట్ట చూస్తూ గంటసేపు కూర్చోవడం నేను చూశాను. చెట్టు లేని, నీళ్లు లేని, ఏదీ పండని నేల అది. దాన్ని చూసి అయ్యో అనేవాళ్లు ఒక్కరూ లేరు. చుట్టాలొస్తే తీసుకుపోయి చూపిస్తారు. మా ఊరికి చుట్టాలొస్తే మేం ఏం చూపిస్తాం? "ఏముందన్నా ఈడ, గుట్టలు రాళ్లు తప్ప" అంటాం. పిల్లలమర్రి చూపించి, అదృష్టముంటే జూరాల చూపించి బస్సెక్కిస్తాం.

కథలు కూడా అంతే. లారీ డ్రైవరు ఒక పఠాన్ భాయ్, అల్ ఐన్‌లో పెరిగినవాడు, రాత్రిళ్లు మాకు ఉమ్మ్ అల్ దువైస్ కథ చెప్పేవాడు. అందగత్తె, ఒంటి నిండా బంగారం, అత్తరు వాసన. ఆ వాసన పట్టుకుని వెంట పోయిన మగాడికి చివర్లో ఆమె చేయి ఉండాల్సిన చోట కొడవలి కనబడుతుంది. మా ఊరి మోహినికి గజ్జెల చప్పుడు, ఆమెకు అత్తరు, అంతే తేడా. ఆ కథ విన్నాక ఎదురుగా ఉన్న ఖాళీ ఇసుక ఖాళీగా అనిపించలేదు. లఘుశంకకు కూడా ఇద్దరిద్దరం పోయేవాళ్లం.

కరోనా ఏడాది పని పోయి ఇంటికొచ్చాను. మాది దేవరకద్ర దిక్కు ఊరు. ముదిరాజుల ఇల్లు. చేపలు పట్టే కులం, నా చిన్నప్పుడు చెరువులో నీళ్లే ఉండేవి కావు. మా నాయిన వలలు అటక మీద పెట్టి మేస్త్రీ వెంట వలస పోయేవాడు. కరువును నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు, మా ఇంట్లో దాని బాకీ ఇంకా తీరలేదు. కానీ వచ్చిన మర్నాడు పొద్దున్నే గుట్ట దిక్కు నడుస్తుంటే నాకు కరువు కనబడలేదు, రంగులు కనబడ్డాయి. చెలక లివా ఇసుక కన్నా ముదురు ఎరుపు. మొరం తేలిన చోట నారింజ. చౌడు ఉబికిన చోట తెల్ల మచ్చలు. గుండ్ల మీద వాన నీళ్లు జారి జారి పట్టిన నల్ల చారలు. గుండ్ల నీడ అదే ఊదా. అదే ఇనుము తుప్పు, అదే ఎండ. పుట్టి పెరిగిన చోటును చూడటానికి ఏజెంటుకు లక్షలు కట్టాల్సొచ్చింది.

గీసినవి నాలుగు పట్టుకుని హైదరాబాద్‌లో ఒక గ్యాలరీకి పోయాను. గ్యాలరీ ఓనరు మర్యాదగానే మాట్లాడాడు, చాయ్ తాగించాడు. "పాలమూరు అంటే జనం మనసులో ఒక బొమ్మ ఉంది. పగిలిన నేల, నుదుటి మీద చేయి పెట్టుకుని ఆకాశం చూసే ముసలి రైతు. అది వేసి తీసుకురా, అమ్ముడుపోతుంది" అన్నాడు. చెలక పగలదు. పగిలేది నల్లరేగడి, చెరువు అడుగున ఒండ్రు మట్టి. చెలకలో ఇసుక ఎక్కువ, అది ఎండితే దుమ్ము లేస్తుంది తప్ప నెర్రెలియ్యదు. ఈ మాట చెబితే ఆయన నవ్వి, కొనేవాళ్లకు అదంతా తెలుస్తుందా అన్నాడు. నేను చాయ్ గ్లాసు పెట్టి వచ్చేశాను. ఇటు ఊళ్లో వాళ్లది ఇంకో పేచీ. ఇప్పుడు కోయిల్‌సాగర్ లిఫ్టు నీళ్లొచ్చి వరి వేస్తున్నారు కదా, ఇంకా ఈ ఎండిన గుట్టలెందుకు గీస్తావు, పచ్చగా గీయొచ్చు కదా అంటారు. ఇద్దరికీ కావాల్సింది ఒకటే, బొమ్మ చూడగానే జాలిపడాలి, లేదంటే సంబరపడాలి. గుట్టను గుట్టగా చూడటానికి ఎవరికీ తీరిక లేదు.

ఎమల్షన్ వదిలేసి మన్నుతో రంగు చేయడం ఆ కోపంలో మొదలుపెట్టినదే. శిల్పారామంలో చేర్యాల పటాల, అంటే కథ చెప్పడానికి గుడ్డ మీద వేసే బొమ్మల స్టాల్ దగ్గర నిలబడి వాళ్లు గుడ్డ ఎట్లా తయారు చేస్తారో అడిగి తెలుసుకున్నాను. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపిన పూత. ఒక పూత ఆరాక ఇంకోటి, మళ్లీ ఇంకోటి. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి ఉడకబెట్టాలి. ఇల్లంతా ఒక రకం వాసన వస్తుంది, దాని గురించి మా ఇంటావిడ అభిప్రాయం ఇక్కడ రాయలేను.

మన్ను పని చూడటానికి తేలిక. చెలక మన్ను తెచ్చి దంచి, బకెట్ నీళ్లలో కలిపి బాగా తిప్పాలి. ఇసుక వెంటనే అడుగుకు దిగుతుంది. దిగీ దిగగానే పైనున్న ఎర్ర నీళ్లను పాత నూలు చీర గుడ్డలో వడకట్టి ఇంకో బకెట్లోకి వంచుకోవాలి. రాత్రంతా కదపకుండా వదిలేస్తే పొద్దుటికి పైన తేట నీళ్లు, అడుగున మెత్తటి ముద్ద. నీళ్లు పారబోసి ముద్దను పళ్లెంలో ఎండబెడితే బిళ్లలవుతుంది. దాన్ని కల్వంలో నూరితే వేళ్ల మధ్య గరుకు తగలకూడదు. బంక తుమ్మబంకే. రాత్రి నానేసి, వడకట్టి, ఒక చెంచాడు తేనె కలిపితే ఆరాక పెళుసుబారదు. బంక ఎంత అనేదానికి కొలత లేదు. గుడ్డ ముక్క మీద పూసి ఆరనిచ్చి బొటనవేలితో రుద్దాలి. వేలికి పొడి అంటితే బంక చాలలేదు, పైన మెరిసి పగుళ్లిస్తే ఎక్కువైంది. పసుపు మన్నును పెనం మీద వేయిస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది. ఒకే మన్నుతో వేగిన కొద్దీ వేరువేరు రంగులొస్తాయి. పెనం మాత్రం మళ్లీ వంటకు పనికిరాదు, కొత్తది కొనివ్వాలి. నలుపుకు దీపం మసి. నీలానికి సున్నంలో కలిపే నీలిమందు, కిరాణంలో దొరుకుతుంది. ఆకుపచ్చ చేయడం నాకింకా కుదరలేదు, దాని అవసరమూ పెద్దగా రాలేదు.

అట్లా తయారైన మొదటి పెద్ద పటం కురుమూర్తి స్వామిది. చిన్నచింతకుంట మండలంలో గుట్ట మీది దేవుడు, దీపావళి తర్వాత జాతర. మా దిక్కు చెప్పుకునే కథ ఏమిటంటే, తిరుమల వెంకన్న కుబేరుడి అప్పు కట్టలేక, కొండ దిగి కృష్ణ ఒడ్డు పట్టుకుని నడిచి నడిచి ఈ గుట్టకు వచ్చాడని. చిన్నప్పుడు విన్నప్పుడు మామూలు కథే. అప్పు చేసి దేశం దాటి వచ్చాక విన్నప్పుడు వేరేగా వినబడింది. జాతరలో అసలు ఘట్టం ఉద్దాలు. స్వామి చెప్పులు. చిన్నవడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాలు ఉపవాసముండి కుట్టిన ఉద్దాలు ఊరేగింపుగా గుట్టకు వస్తాయి, వాటి కోసం జనం విరగబడతారు. నేను గీయాలనుకున్నది గుడిలో అలంకరించిన స్వామిని కాదు, దారిలో ఉన్న స్వామిని. మధ్యాహ్నం, చెలక మీద, వెనక అప్పు, కాళ్లకు ఉద్దాలు.

ఇక్కడే పీటముడి పడింది. చిన్నప్పుడు మా వాడకు కాకిపడగలవాళ్లు వచ్చి పటం విప్పి పాండవుల కథ చెప్పేవాళ్లు. ముదిరాజులకు కథ చెప్పడం వాళ్ల వంతు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌండ్లవాళ్లకు గౌడజెట్టీలు ఉన్నట్టు. ఆ పటంలో భీముడు పెద్దగా, మిగతావాళ్లు చిన్నగా. వెనకంతా ఎరుపు. నేల లేదు, ఆకాశం లేదు, ఎవరికీ నీడ లేదు. నేను ఎడారిలో నేర్చుకున్నదేమో నేల, ఆకాశం, నీడ, ఆ మూడే. స్వామిని పటంలోని మనిషిలా వేస్తే చెలక మీద స్టిక్కరు అంటించినట్టుంది. నిజమైన మనిషిలా కండలు, ముడతలు, చెమట పెట్టి వేస్తే అతను స్వామిలా లేడు, సైటుకు పోతున్న మా సూపర్‌వైజరులా ఉన్నాడు.

ఊళ్లో భాగోతాలు ఆడిన తాత ఒకాయన మా అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తుండేవాడు. నేను స్వామికి పొడుగు నీడ వేయగానే గయ్యిమన్నాడు. "దేవునికి నీడేందిరా? దమయంతి నలుణ్ని ఎట్ల గుర్తువట్టింది? తక్కినోళ్లకు నీడ లేదు, నలునికి ఉంది. గది తెల్వకుంట బొమ్మలేస్తున్నవా?"

"గుట్టకు వేస్తిని, చెట్టుకు వేస్తిని, దేవునికి ఎయ్యకుంటే తేలిపోతడు తాతా" అన్నాను.

లోపల్నుంచి మా అమ్మ అందుకుంది. "అప్పు చేసినంక దేవుడేంది, మనిషేంది, నీడ పడ్తది తియ్యి."

తాత ఆ మాటకు జవాబు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు. ఇద్దరి మాటా పడనివ్వాలని మధ్యేమార్గం ఒకటి దొరికింది. స్వామిని పటం పద్ధతిలోనే, నల్ల గీత కట్టి, ఒంటికి నీడ లేకుండా, పెద్ద కళ్లతో, చుట్టూ ఉన్న గుట్టల కన్నా ఎత్తుగా వేశాను. చుట్టూ నేల మాత్రం లివా పద్ధతిలో, అంచు లేకుండా, దగ్గరి దగ్గరి రంగుల్లో కరిగిపోతూ. నీడ ఒక్క ఉద్దాల కిందే పడింది, మిట్టమధ్యాహ్నం నీడ, బెత్తెడు. ఉద్దాలు మనుషులు కుట్టినవి కదా, వాటికి నీడ ఉంటే తాతకు కూడా అభ్యంతరం లేకపోయింది. ఉద్దాలకు వాడిన మన్ను నేను చిన్నవడ్డెమాన్ పోయే బాట పక్కనే తవ్వి తెచ్చాను. దాని తోలు రంగు నాకు వేరే ఎక్కడా దొరకలేదు. ఒక్కో కుట్టూ సన్న బ్రష్షుతో వేశాను. బోర్డు రాతలో అక్షరం అంచు తీసే అలవాటు అక్కడ పనికొచ్చింది.

ఆ పటం చూడటానికి వచ్చినవాళ్లలో చెప్పులు కుట్టే పెద్దాయన ఒకాయన ఉద్దాల దగ్గర ముక్కు ఆనించినంత దగ్గరగా చూసి, పట్టీ మలుపు దగ్గర కుట్టు ఎదురు పోయిందని చెప్పాడు. దిద్దాను. బొమ్మ గురించి వేరే ఏమీ అనలేదు, జేబులోంచి ఫోను తీసి ఫొటో తీసుకున్నాడు.

తర్వాత కొన్ని చిన్న పటాలు వేశాను. కిన్నెర మీద పండుగ సాయన్న పాట పాడే మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఆ సాయన్న ఎవరని టౌనువాళ్లు అడగడం మొదలైంది. మా పక్క ఊళ్లలో ఆ పాట ఎప్పటి నుంచో ఉంది, ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన సాయన్న పాట. అతన్ని గుర్రం మీద, మీసం మెలేసి వేయమని చాలామంది అడిగారు. నేను గుండ్ల మధ్య వేశాను, వెతికితే గానీ కనబడడు. దొరకకుండా తిరిగినవాడు బొమ్మలో మాత్రం సులువుగా ఎందుకు దొరకాలి? కృష్ణ ఒడ్డున, వేల ఏళ్ల కిందట మనుషులు నిలబెట్టిన ముడుమాల్ నిలువురాళ్ల దగ్గరికి కూడా పోయి పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాళ్ల నీడలు గీసుకున్నాను. ఆ రాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. మన దిక్కు రాళ్లను ప్రపంచం చూడాలనుకోవడం నాకు సంతోషమే. వాటి మీద పటం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. అక్కడ నీడే కథలా ఉంది, దాన్ని ఏం చేయాలో తోచడం లేదు.

డబ్బుల సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పటాలు అప్పుడప్పుడు పోతాయి. కూడు పెట్టేది మాత్రం బడి గోడలే. అంకెలు, అఆలు, కుందేలు, గాంధీ తాత. అంగన్‌వాడీల గోడల మీద కుందేలు పక్కన నేను వీలైనప్పుడల్లా ఒక గుండ్ల గుట్ట కూడా వేస్తాను. ఇంతవరకూ ఏ టీచరమ్మా తీసేయమనలేదు. మన్ను రంగు గోడకు పనికిరాదు, వానకు కారిపోతుంది. అక్కడ మళ్లీ రెడ్ ఆక్సైడే.

ఇప్పుడు గుడ్డ మీద ఉన్నది ఉమ్మ్ అల్ దువైస్. ఎడారిలో కాకుండా మా చెలకలో, సర్కారు తుమ్మల నడుమ నడిపిస్తున్నాను. తుమ్మ రెండు చోట్లా ఉన్నప్పుడు ఆమె మాత్రం ఎందుకు రాకూడదు? అత్తరు వాసన ఎట్లా గీయాలన్నది పెద్ద చిక్కు. పొగలాగా గీస్తే సినిమా పోస్టరైపోయింది. చివరికి మేకల మంద పెట్టాను. ఆమె పోయిన దారిలో మేకలన్నీ మేత ఆపి ముక్కులెత్తి ఒకే దిక్కు చూస్తుంటాయి, కాపరి పిల్లగాడు వాటిని అదిలిస్తుంటాడు. వాడికింకా వాసన తగల్లేదు. కొడవలి దగ్గరే పని ఆగింది. నేను మన జొన్న కోత కొడవలి వేసి పఠాన్ భాయ్‌కి వాట్సాప్‌లో పంపితే, అది కాదు, ఖర్జూరం మట్టలు కోసే కొడవలికి రంపంలా పళ్లుంటాయని చెప్పి ఫొటో పెట్టాడు. ఆ ఫొటోలో పళ్లు సరిగ్గా కనబడటం లేదు. దగ్గర్నుంచి ఇంకోటి తీసి పంపమన్నాను. అది వచ్చేదాకా ఆ చేయి వదిలేసి మేకలు పూర్తి చేస్తున్నాను.